తేదీలు ఖాయం చేసేవారికి, ఆ తేదీల తర్వాత మిగిలేవాళ్ల నుంచి

డెలివరీ మేనేజర్లకు, ప్రోగ్రామ్ హెడ్‌లకు, బడ్జెట్ మీద సంతకం పెట్టే పెద్దలకు, "ఇంకో రెండు వారాలు ఎందుకు?" అని అడిగే క్లయింట్లకు,

నమస్కారం.

నేను పదహారేళ్లుగా సాఫ్ట్‌వేర్ రాస్తున్నానని చెప్పుకుంటాను. లెక్క తీస్తే రాసిన కాలం తక్కువే. ఇంకెవరో రాసిన కోడ్ చదవడం, అది ఎందుకలా ఉందో ఊహించడం, మిగతాది చెడకుండా అందులో ఒక చిన్న మార్పు చేయడానికి తంటాలు పడటం, ఎక్కువ రోజులు వీటిలోనే పోయాయి. ప్రోగ్రామర్లు పెట్టుకునే మామూలు గోడే ఇది కూడా అనుకుని ఈ ఉత్తరాన్ని పక్కన పెట్టేయకండి. ఇందులో చెప్పబోయే మొదటి తప్పు నాదే.

అప్పట్లో మేము సరుకు రవాణా సంస్థల కోసం బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం. రిలీజ్ శుక్రవారం. బుధవారం సాయంత్రం టెస్టింగ్‌లో ఒక పెద్ద కస్టమర్ బిల్లు తేడా వచ్చింది. మా ప్రోగ్రామ్ బిల్లులో ప్రతి వరుసనూ విడివిడిగా రౌండాఫ్ చేస్తుంది. వాళ్ల ఒప్పందంలో మాత్రం చివరి మొత్తాన్నే రౌండాఫ్ చేయాలని ఉంది. సరిగ్గా చేయాలంటే కస్టమర్ వివరాల్లో రౌండింగ్ పద్ధతికి ఒక సెట్టింగ్ పెట్టాలి. డేటాబేస్‌లో ఒక కాలమ్, స్క్రీన్ మీద ఒక గడి, నాలుగైదు టెస్టులు. మూడు రోజుల పని. "శుక్రవారం లోపు అయ్యే దారి ఏమన్నా ఉందా?" అని మా మేనేజర్ అడిగారు. ఉంది. బిల్లు లెక్కగట్టే ఫంక్షన్ మధ్యలో రెండు లైన్లు పెట్టాను. కస్టమర్ నంబర్ 417 అయితే వరుసల రౌండింగ్ వదిలేయి. పైన ఒక కామెంట్: "తాత్కాలికం. రిలీజ్ అయ్యాక తీసేయాలి."

రిలీజ్ నున్నగా జరిగిపోయింది. అభినందనల మెయిల్ వచ్చింది, అందులో నా పేరు కూడా ఉంది.

ఆ కామెంట్ అక్కడే ఏడేళ్లు ఉంది. ఈలోగా నేను వేరే టీమ్‌కు వెళ్లాను. మేనేజర్ కంపెనీ మారారు. 417 నంబర్ కస్టమర్ మా సాఫ్ట్‌వేర్ వాడటమే మానేశారు. తర్వాత ఒక ఏడాది పాత డేటాను కొత్త డేటాబేస్‌లోకి మార్చారు. ఆ పనిలో కస్టమర్ నంబర్లు మళ్లీ మొదటి నుంచి వేశారు, 417 ఇంకెవరికో పడింది. వాళ్ల బిల్లుల్లో ప్రతినెలా కొద్ది కొద్దిగా తేడా. మూడు నెలల దాకా ఎవరి కంటా పడనంత కొద్దిగా. పడ్డాక, కారణం పట్టుకోవడానికి ఇద్దరికి తొమ్మిది రోజులు పట్టింది. వాళ్లు పన్నుల పట్టిక చూశారు. కొత్త డేటాబేస్ దశాంశాలను ఎలా దాస్తోందో చూశారు. రాత్రి నడిచే జాబ్‌లు చూశారు. లెక్కల ఫంక్షన్ నడిబొడ్డున ఒక కస్టమర్ నంబర్ రాసి ఉంటుందని ఎవరనుకుంటారు? చివరికి ఆ ఇద్దరిలో ఒకమ్మాయి నాకు ఫోన్ చేసింది. "అన్నా, ఈ లైన్ మీద మీ పేరుంది. 417 ఎవరు?"

నాకు గుర్తు రావడానికి పది నిమిషాలు పట్టింది.

ఆ తర్వాత చాలా రోజులు ఆలోచించాను, ఇందులో తప్పెక్కడ అని. ఆ రెండు లైన్లు రాయడం తప్పా? ఇప్పుడు అదే బుధవారం మళ్లీ వస్తే మళ్లీ అవే రాస్తాను. క్లయింట్‌కు మాట ఇచ్చాం, ఒక్క బిల్లు కోసం రిలీజ్ మొత్తం ఆపడం మూర్ఖత్వం. తొందర పడటంలో తప్పు లేదు. తొందర పడ్డామన్న సంగతి ఎక్కడా నమోదు కాకపోవడం తప్పు. కామెంట్ రాశాను కదా అంటే, ఆ కామెంట్ ఆ లైన్ దాకా వచ్చినవాడికే కనిపిస్తుంది. దారి తెలియక తిరుగుతున్నవాడికి కాదు. నంబర్లు మార్చినవాళ్లు ఆ ఫైల్ తెరవనే లేదు, తెరవాల్సిన పని వాళ్లకు లేదు కూడా. "కస్టమర్ నంబర్లు మారితే ఇది చెడుతుంది" అనే ఒక్క వాక్యం వాళ్లు చూసే చోట ఉండి ఉంటే అయిదు నిమిషాల పని. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడం అంటే ఇదే.

"తర్వాత చూద్దాం" అని మీరు అంటారు. మేమూ తలూపుతాం. అది అబద్ధమని ఆ గదిలో ఎవరికీ అనిపించదు, ఎందుకంటే ఆ క్షణానికి అందరం నిజంగానే అనుకుంటాం. ఆ "తర్వాత" ఎందుకు రాదో నా కళ్లతో చూసింది చెబుతాను.

రిలీజ్ అయిన మర్నాటి నుంచి ప్రాజెక్టు కోడ్ మూసేస్తారు. నేను చెప్పేది ప్రోగ్రామ్ కోడ్ గురించి కాదు, టైమ్‌షీట్‌లో గంటలు రాసుకునే నంబర్ గురించి. అది మూతపడ్డాక ఆ రెండు లైన్లు సరిచేయడానికి నేను వెచ్చించే మూడు రోజులు రాసుకోవడానికి గడి ఉండదు. మెయింటెనెన్స్ బడ్జెట్ వేరే హెడ్ కింద ఉంటుంది. వాళ్లు "ఇది మీ ప్రాజెక్టులో మిగిలిన పని" అంటారు, ప్రాజెక్టు వాళ్లు "మాది క్లోజ్ అయింది" అంటారు. ఇద్దరిదీ నిజమే. ఇంతలో టీమ్ చెల్లాచెదురవుతుంది. వెళ్లేవాళ్లు వచ్చేవాళ్లకు నాలుగు సెషన్ల కేటీ (పని వివరాలు అప్పగించే శిక్షణ) ఇస్తారు, ఆ రికార్డింగులు ఎక్కడో ఒక ఫోల్డర్‌లో భద్రంగా ఉంటాయి, ఎవరూ చూడరు. బ్యాక్‌లాగ్‌లో, అంటే చేయాల్సిన పనుల జాబితాలో, టికెట్ ఉన్నా దాని వెనక అడిగే మనిషి ఉండడు. ప్రతి కొత్త ఫీచర్ వెనకా ఒక క్లయింటో, ఒక సేల్స్ మనిషో నిలబడి ఎప్పుడని అడుగుతుంటారు. కోడ్ శుభ్రం చేసే పని వెనక ఎవరు నిలబడతారు? పైగా అది అయ్యాక డెమోలో చూపించడానికి ఏమీ ఉండదు. స్క్రీన్ నిన్న ఎలా ఉందో ఈరోజూ అలాగే ఉంటుంది. దానికోసమే కదా మూడు రోజులు కష్టపడింది!

అసలు తేదీ పుట్టే పద్ధతిలోనే ఇంకో చిక్కు ఉంది. మేము ఎనిమిది వారాలంటాం. మీరు పైవాళ్లతో మాట్లాడి వచ్చి ఏడంటారు. క్లయింట్ మీటింగ్ అయ్యేసరికి ఆరు. రెండు వారాల కోత పడింది. ఫీచర్ల జాబితా మాత్రం అలాగే ఉంది. మరి ఆ రెండు వారాలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఏం తగ్గించాలో మీరు చెప్పలేదు, ఏం తగ్గిస్తున్నామో మేమూ చెప్పలేదు. కంటికి కనిపించనివి తగ్గాయి. టెస్టులు, ఎర్రర్ వస్తే ఏం చేయాలన్న ఆలోచన, వాడుకలో లేని పాత కోడ్ తీసేయడం, ఇంకొకరి చేత ఓపిగ్గా రివ్యూ చేయించడం. మీకు బేరంలో గెలిచినట్టుంటుంది. అమ్మింది ఏమిటో మీకు తెలియదు. మాకు తెలుసు, కానీ ఎవరూ అడగలేదు కాబట్టి నోరు మెదపం. ఇందులో మా పిరికితనం వాటా తక్కువేమీ కాదు.

టెక్నికల్ డెట్ అనే మాట మీరందరూ వాడతారు కాబట్టి దాని గురించి ఒక ముక్క. ఈ అప్పు పోలికను మొదట తెచ్చింది వార్డ్ కన్నింగ్‌హామ్, 1992లో, ఒక ఆర్థిక సాఫ్ట్‌వేర్ చేసిన అనుభవం చెబుతూ. కొంచెం అప్పు చేస్తే పని వేగంగా సాగుతుంది, వెంటనే తీర్చేస్తే ఇబ్బంది లేదు, తీర్చకుండా ఉంచితేనే ప్రమాదం అన్నది ఆయన మాటల సారం. చెత్త కోడ్ రాయమని తానెప్పుడూ అనలేదని తర్వాత విడమరచి కూడా చెప్పారు. ఆ పోలికలో మనం మరిచిపోయిన సగం ఒకటుంది. అప్పు అంటే పత్రం ఉంటుంది. ఎంత తీసుకున్నారో, ఎప్పటికి కడతారో, ఎవరు కడతారో రాసుకుంటారు. మనం చేసేది పత్రం లేని అప్పు. అప్పు తెచ్చినవాడు ఊరొదిలి వెళ్లిపోయాక, వాడెవడో కూడా తెలియనివాళ్లు వడ్డీ కడుతుంటారు.

నా 417 చిన్న విషయం. పెద్దవాటికి వెళ్దాం.

2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకుంది. ఎనిమిది సర్వర్లలో ఏడింటికే కొత్త కోడ్ ఎక్కించారు, ఎనిమిదోది మరిచిపోయారు అన్న ముక్కతోనే చాలామంది ఈ కథ ముగిస్తారు. అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ సెక్ 2013లో ఇచ్చిన ఉత్తర్వు చదివితే కథ చాలా ముందే మొదలైందని తెలుస్తుంది. ఆ సర్వర్లలో పవర్ పెగ్ అనే పాత ఫీచర్ ఒకటి ఉంది. 2003లోనే దాన్ని వాడటం మానేశారు, తీసేయలేదు. 2005లో, ఆర్డర్‌కు సరిపడా షేర్లు కొన్నారో లేదో లెక్కపెట్టే భాగాన్ని అక్కడి నుంచి ఇంకో చోటికి జరిపారు. జరిపాక పవర్ పెగ్ ఎలా ప్రవర్తిస్తుందో పరీక్షించలేదు. వాడనిదాన్ని పరీక్షించడానికి టైమ్ ఇచ్చే మేనేజర్ మీలో ఎవరైనా ఉన్నారా? ఉంటే ఆ మేనేజర్ దగ్గర చేరతాను. 2012లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ కొత్త కార్యక్రమం ఒకటి ఆగస్టు 1న మొదలవుతోంది, ఆ తేదీకి సిద్ధం కావాలి. కొత్త కోడ్‌ను ఆన్ చేయడానికి ఒక ఫ్లాగ్ (స్విచ్ లాంటి గుర్తు) కావాల్సి వచ్చి, ఒకప్పుడు పవర్ పెగ్‌కు వాడిన ఫ్లాగ్‌నే తీసుకున్నారు. ఏడు సర్వర్లలో ఆ ఫ్లాగ్‌కు కొత్త అర్థం. ఎనిమిదో దాంట్లో తొమ్మిదేళ్ల కిందటి అర్థం.

మార్కెట్ తెరుచుకోగానే ఆ ఎనిమిదో సర్వర్ ఆగకుండా ఆర్డర్లు పంపింది. ఎన్ని కొన్నామో లెక్కపెట్టి ఆపాల్సిన భాగం అక్కడ లేదు కదా. నాకు బాగా గుర్తుండిపోయినవి రెండు. ఆ ఉదయం మార్కెట్ తెరవకముందే, పవర్ పెగ్ పేరు ఉన్న ఎర్రర్‌తో 97 మెయిళ్లు ఉద్యోగులకు వెళ్లాయి. అవి హెచ్చరికలని ఎవరూ అనుకోలేదు. రెండోది, గొడవ మొదలయ్యాక కొత్త కోడ్‌దే తప్పనుకుని, సరిగ్గా ఉన్న ఏడు సర్వర్లలోంచి దాన్ని తీసేశారు. దాంతో ఆ ఏడూ ఎనిమిదోదాని బాటే పట్టాయి. ఆ గదిలో ఉన్నవాళ్ల అవస్థ నేను ఊహించగలను. ప్రొడక్షన్, అంటే జనం వాడుతున్న అసలు సిస్టమ్, తగలబడుతుంటే, చేతిలో ఉన్న కోడ్‌లో ఏది బతికుందో ఏది చచ్చిందో తెలియకపోవడం ఎలా ఉంటుందో ఈ పనిలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. 2003 నుంచి 2012 దాకా పవర్ పెగ్‌ను తీసేద్దామని ఎవరో ఒకరు అనే ఉంటారని నా ఊహ. ఈ రిలీజ్ కానివ్వు అనే జవాబు వచ్చి ఉంటుందనీ నా ఊహ.

ఇంకోటి ఆరియన్ 5. 1996 జూన్ 4న మొదటిసారి పైకి లేచిన ఆ యూరోపియన్ రాకెట్ సుమారు 40 సెకన్లకే దారి తప్పి ముక్కలైంది. 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలో ఇరికించబోతే పట్టలేదు, దిశ చూసే కంప్యూటర్ చేతులెత్తేసింది. ఇది పాఠాల్లో చెప్పే ఉదాహరణే, మీరు వినే ఉంటారు. అక్కడ తొందరపాటు ఏమీ లేదు, పెద్ద పెద్ద ఇంజనీర్లు ఆలోచించి చేసిన పని. అలాంటి ప్రమాదం ఉన్న ఏడు సంఖ్యలు గుర్తించి, నాలుగింటికి రక్షణ పెట్టి, మూడింటిని వదిలేశారు. కంప్యూటర్ మీద భారం ఒక పరిమితి దాటకూడదు కాబట్టి, ఆ మూడూ ఎప్పటికీ అంత పెద్దవి కావు కాబట్టి. ఆ కోడ్ రాసింది అంతకుముందు రాకెట్ ఆరియన్ 4 కోసం, దాని మీద ఆ లెక్క నిజమే. అదే కోడ్‌ను ఆరియన్ 5లో పెట్టారు, అది ఇంకా వేగంగా పక్కకు కదిలే రాకెట్. విచారణ సంఘం నివేదికలో నన్ను ఆపేసిన మాట ఒకటుంది. ఆ మూడింటిని ఎందుకు వదిలారో చెప్పే కారణం సోర్స్ కోడ్‌లో ఎక్కడా కనిపించలేదని. అందరూ ఒప్పుకున్న నిర్ణయమే, కానీ డాక్యుమెంట్ల గుట్టలో మరుగున పడిపోయింది. పైపెచ్చు, ఆ సమయంలో ఆ లెక్క నడవాల్సిన అవసరమే ఆరియన్ 5కు లేదు. పాత రాకెట్ అవసరం కోసం పెట్టింది, అలాగే వచ్చేసింది. మళ్లీ చూడండి, తీసేయనిది, రాసిపెట్టనిది.

రాసిపెడితే ఏమవుతుందో కూడా చూడాలి. గ్రహాలను దగ్గర నుంచి చూడటానికి నాసా పంపిన వ్యోమనౌక వాయేజర్ 1 బయల్దేరింది 1977లో. 2023 నవంబరులో అది అర్థంలేని డేటా పంపడం మొదలుపెట్టింది. కారణం వెతికితే, దాని కంప్యూటర్‌లో ఒక మెమరీ చిప్ చెడిపోయింది, అందులో ఉన్న కొంత కోడ్ పోయింది. వేరే చోట పెడదామంటే అంత ఖాళీ ఒక్కచోట లేదు. కోడ్‌ను ముక్కలు చేసి, దొరికిన సందుల్లో సర్ది, ఒక ముక్క ఇంకో ముక్కను పిలిచే చిరునామాలన్నీ మార్చారు. మాట చేరడానికే ఇరవై రెండున్నర గంటలు పట్టే దూరం. 2024 ఏప్రిల్ 18న పంపారు, 20న అది బాగానే ఉన్నానని జవాబిచ్చింది. దాన్ని రాసినవాళ్లు పని మానేసి ఎన్నో ఏళ్లయింది. ఇప్పటివాళ్లు ఇలాంటి చిక్కులొచ్చినప్పుడు దశాబ్దాల నాటి పత్రాలు వెతుక్కుని చదువుకుంటారని నాసా వాళ్లే చెప్పారు. 1977కు ముందు కూడా తేదీలున్నాయి, అవీ జరపలేని తేదీలే. గ్రహాలు ఎవరి ఎస్కలేషన్‌కూ ఆగవు. అయినా ఎవరో కూర్చుని రాసిపెట్టారు.

మా సాఫ్ట్‌వేర్ అంత కాలం బతకదులే అంటారా? 2020 ఏప్రిల్‌లో అమెరికాలో న్యూజెర్సీ గవర్నర్ విలేఖరుల ముందు నిలబడి, కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష తెలిసిన వలంటీర్లు కావాలని అడిగారు. కరోనాతో పనులు పోయినవాళ్లందరూ ఒకేసారి దరఖాస్తు పెట్టేసరికి, నలభై ఏళ్లు దాటిన ప్రభుత్వ సిస్టమ్‌లు ఉక్కిరిబిక్కిరయ్యాయి. అవి రాసినవాళ్లకు తమ ప్రోగ్రామ్ 2020 దాకా నడుస్తుందని చెబితే నవ్వి ఉండేవారు. పనికొచ్చే సాఫ్ట్‌వేర్ చావదు. సాఫ్ట్‌వేర్ కాలంతో ఎలా మారుతుందో పరిశోధించిన మెయర్ లెమన్ ఈ సంగతిని 1974 నుంచే చెబుతూ వచ్చారు. వాడుకలో ఉన్న ప్రోగ్రామ్‌ను మారుస్తూ ఉండాల్సిందే, లేకపోతే రానురాను పనికిరాకుండా పోతుంది. మారుస్తున్నకొద్దీ చిక్కుముడి పెరుగుతుంది, విప్పడానికంటూ ప్రత్యేకంగా పని చేస్తే తప్ప. ఆ రెండో ముక్క కోసమే ఈ ఉత్తరం.

ఇక మావాళ్ల సంగతి. మెయింటెనబిలిటీ అనే మాట అడ్డం పెట్టుకుని మేం చేసే పాపాలు మీకు తెలుసు, దాచడం దండగ. ఒకసారి మా టీమ్‌లో రిపోర్టులు ఏ ఫార్మాట్‌లోనైనా ఇచ్చేలా ఒక ప్లగిన్ల వ్యవస్థ కట్టారు. రెండు నెలల పని. ఎనిమిదేళ్లలో వచ్చిన ఫార్మాట్ ఒక్కటే, మొదటి రోజు ఉన్నదే. కొత్తగా చేరినవాళ్లకు ఆ ఒక్క రిపోర్టు ఎలా వస్తుందో చెప్పడానికి ఏడు ఫైళ్లు తిప్పాల్సి వచ్చేది. రేపు అవసరం రావచ్చని కట్టే అంతస్తులు కూడా మెయింటెనెన్స్ బరువే. అంతకన్నా పెద్ద పాపం, మొత్తం పారేసి మొదటి నుంచి రాద్దాం అనడం. నెట్‌స్కేప్ 1998లో ఆ దారి పట్టింది. కొత్త బ్రౌజర్ బయటికి వచ్చేసరికి 2000 నవంబరు అయింది, అప్పటికి మార్కెట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ చేతిలోకి వెళ్లింది. కాబట్టి "మాకు ఆర్నెల్లు ఇవ్వండి, అంతా శుభ్రం చేస్తాం" అని మేమడిగితే ఇవ్వకండి. ప్రతి స్ప్రింట్‌లో (కొన్ని వారాల పని విడతలో) 20 శాతం టైమ్ కేటాయిస్తామన్న హామీ మీద కూడా నాకు నమ్మకం లేదు. మొదటిసారి టెన్షన్ వచ్చిన రోజే అది ఎగిరిపోతుంది.

నేనడిగేది వీటికన్నా చిన్నది. తేదీ కోసినప్పుడు "అయితే ఏం తగ్గుతోంది?" అని అడగండి. ఏమీ తగ్గదని మేమంటే నమ్మకండి, రెండోసారి అడగండి. వచ్చిన జవాబును తేదీ రాసిన మెయిల్‌లోనే, తేదీ కిందే రాయండి. అలా రాస్తే ఆ కోత మీ నిర్ణయం అవుతుంది. ఇప్పుడది ఎవరి నిర్ణయమూ కాదు.

అడ్డదారి తొక్కినప్పుడల్లా ఒక వరుస రాసే ఫైల్ పెట్టండి. ఖరీదైన టూల్ ఏమీ అక్కర్లేదు, కోడ్ పక్కనే ఉండే మామూలు ఫైల్ చాలు. ఏం చేశాం, ఎందుకు చేశాం, ఎవరు ఎప్పటికి సరిచేస్తారు అన్నవి ఎలాగూ రాస్తారు. నా అనుభవంలో అసలు గడి నాలుగోది: ఏది మారితే ఇది చెడుతుంది? ఈ ప్రశ్నకు జవాబు రాయడానికి కొంచెం ఆగి ఆలోచించాలి. అలా ఆగినప్పుడే చాలా అడ్డదారుల అసలు రంగు బయటపడుతుంది. 417కు ఆ గడిలో "కస్టమర్ నంబర్లు మళ్లీ వేస్తే" అని ఉండేది. పవర్ పెగ్‌కు "ఈ ఫ్లాగ్ మళ్లీ వాడితే" అని. ఆరియన్‌కు "రాకెట్ మారితే" అని. ఏదైనా పెద్ద మార్పు మొదలుపెట్టేవాళ్లు ముందు ఆ గడి ఒక్కటి పైనుంచి కిందికి చదువుకుంటే చాలు. చివర రెండు సంతకాలు: కోడ్ రాసినవాడిది, తేదీ పెట్టినవారిది.

రిలీజ్ అయిన రోజునే టైమ్‌షీట్ కోడ్ మూసేయకండి, ఆ ఫైల్‌లో వరుసలు తీరేదాకా తెరిచి ఉంచండి. ఖర్చు కొత్తగా పుట్టదు. ఎలాగూ కట్టేదే, మీ బడ్జెట్‌లో కనబడుతుంది, అంతే. తేదీ మాట్లాడే గదిలో, రేపు రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తబోయే సపోర్ట్ మనిషిని ఒకరిని కూర్చోబెట్టండి. వాళ్లు ఎక్కువ మాట్లాడరు, కానీ వాళ్లు ఉంటే మిగతావాళ్లు "తర్వాత చూద్దాం" అనేటప్పుడు కాస్త గొంతు తగ్గుతుంది. పాత కోడ్ తీసేసినవాళ్లను, కొత్తది రాసినవాళ్లలాగే లెక్కలోకి తీసుకోండి. ఏడాది చివర అప్రైజల్‌లో "నాలుగు వేల లైన్లు తొలగించాను" అని రాసుకున్నవాడిని చూసి నవ్వేవాళ్లను నేను చూశాను.

మీరెవరూ ఖాయం చేయని తేదీ కూడా ఒకటుంది. 1970 జనవరి 1 నుంచి సెకన్లను 32 బిట్ల సైన్డ్ సంఖ్యలో (ప్లస్, మైనస్ రెండూ పట్టే సంఖ్యలో) లెక్కపెట్టుకునే ప్రోగ్రామ్‌లన్నిటికీ 2038 జనవరి 19న ఆ లెక్క నిండిపోతుంది. దానికి పొడిగింపు లేదు. మీ సిస్టమ్‌లలో అలాంటివి ఎన్నున్నాయని ఒకసారి అడిగి చూడండి. జవాబు ఎన్ని రోజులకు వస్తుందో గమనించండి, సంఖ్య కన్నా ఆ రోజుల లెక్కే మీకు ఎక్కువ చెబుతుంది. దీనికి పూర్తిగా ఎదురు తేదీ పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. 2000లో మొదలైన ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌ను 2050 దాకా చూసుకోవాలన్నది తమ ఉద్దేశమని దాన్ని చేసినవాళ్లు బహిరంగంగా చెప్పారు. మన ప్రాజెక్టుల్లో ఏ ప్లాన్‌లోనైనా రిలీజ్ తర్వాతి తేదీ ఒక్కటైనా ఉంటుందా?

వచ్చే నెలలో మా టీమ్‌కు ఒక రిలీజ్ ఉంది. నేను చెప్పిన ఫైల్‌ను పోయిన వారమే తెరిచాను. అందులో ఇప్పటికి ఒకటే వరుస. వేరే సిస్టమ్ నుంచి జవాబు రాకపోతే నిన్నటి విలువనే వాడుకునేలా ఒక అడ్డదారి పెడుతున్నాం. "ఏది మారితే చెడుతుంది" గడిలో "అవతలి సిస్టమ్ ఒక రోజుకు మించి ఆగితే, తప్పు విలువలని ఎవరికీ తెలియకుండానే బిల్లులు వెళ్లిపోతాయి" అని రాశాను. నా సంతకం గడిలో నా పేరు వేసి, పక్క గడి ఖాళీగా ఉంచి మా మేనేజర్‌కు పంపాను.

నిన్న సాయంత్రం ఆయన నా సీటు దగ్గరికి వచ్చారు. "దీనికి కూడా నా సంతకం కావాలా?" అన్నారు. కావాలండీ అన్నాను. ఆయన ఆ నాలుగో గడిని ఇంకోసారి చదివారు. కాసేపు ఏమీ అనలేదు.

"తేదీ రెండు రోజులు జరిపితే, ఇది లేకుండా అవుతుందా?"

అవుతుందన్నాను.

ఇట్లు,
417 రాసిన ప్రోగ్రామర్